కలపని గీత

“చచ్చిపోయిన మనిషి మళ్ళీ డ్యూటీలో చేరాడు,” అన్నాడు గణపతిరావు, బ్రౌన్ కవరు బల్ల మీదకి తోస్తూ. “విప్పి చూడు.”

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక ఫ్లెక్సీ షాపు ఉంది. కింద నాయకుల పుట్టినరోజు బ్యానర్లు అచ్చవుతుంటాయి. మేడ మీద, ఏసీ పనిచెయ్యని గదిలో, బోర్డు లేని ఒక ప్రభుత్వ విభాగం పనిచేస్తుంటుంది. దొంగ కాగితాలు పట్టుకోవడం దాని పని. గణపతిరావు దానికి చీఫ్. రిటైర్మెంటుకి ఏడాది ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, నవ్వే అలవాటు లేదు. ఎదురుగా కూర్చున్నది ఫీల్డ్ ఏజెంట్ పృథ్వీరాజ్. నలభై రెండేళ్ళ మనిషి, నాలుగేళ్ళుగా సరిగ్గా నిద్రపోని మనిషి.

పృథ్వీరాజ్ కవరు విప్పాడు. లోపల ఒకే ఒక్క కాగితం. పేలుడు పదార్థాలు ఎగుమతి చెయ్యడానికి ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్. పైన ఇంగ్లీషులో ఒక వరస పెద్ద అక్షరాలు. ప్రతి అక్షరానికీ తల దగ్గరా కాళ్ళ దగ్గరా సన్నటి ముక్కులు. అక్షరం కడుపులో వెంట్రుకంత గీతలు, పక్కపక్కన, లెక్కలేనన్ని. కరెన్సీ నోటు మీద కనిపించే రకం రాత. వేలితో తడిమితే గరుకుగా తగిలింది. అంటే కంప్యూటర్ ప్రింటు కాదు. లోహపు పలక మీద సన్నటి ఉలితో చెక్కి, సిరా నింపి, బలంగా ఒత్తిన అచ్చు.

ఆ చెక్కుడు ఎవరిదో అతనికి తెలుసు.

“జగన్నాధం మాస్టారు,” అన్నాడు.

“స్టాంపులూ బాండ్లూ అచ్చేసే ప్రభుత్వ సెక్యూరిటీ ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు అక్షరాలు చెక్కిన జగన్నాధం. నాలుగేళ్ళ కింద పోయాడు. గుండెపోటు అని రాశాం.”

“రాశాం” అన్న మాట దగ్గర గణపతిరావు కొంచెం దగ్గాడు. పృథ్వీరాజ్ తల ఎత్తలేదు.

“బ్రీఫింగ్ విను,” అన్నాడు చీఫ్. “విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఆక్టేవ్. ఆయన పోయిన రోజు సంచీలో ఉన్న నమూనా అచ్చులు వీళ్ళకి దొరికాయి. ఏ నుంచి జెడ్ దాకా స్కాన్ చేసి కంప్యూటర్ ఫాంటు తయారుచేశారు. పేరు గురమ్మ సెరిఫ్. ఆ అక్షరాల ముక్కుల్ని సెరిఫ్ అంటారట.”

“గురమ్మ ఆయన తల్లి పేరు సార్.”

“నమూనాల మీద ఆయనే రాసుకున్నాడట. పేరు బాగుందని వాళ్ళూ ఉంచేశారు. ఇప్పుడది ఎక్కడో వెబ్‌సైట్లో అమ్మకానికుంది. స్వీటు డబ్బాల మీద వేస్తున్నారు, శుభలేఖల మీద వేస్తున్నారు. అది నేరం కాదు. కానీ ఫాంటు ఆకారం ఇస్తుంది, గరుకు ఇవ్వదు. గరుకు కావాలంటే చెయ్యి కావాలి. ఆ చెయ్యి వాళ్ళకి దొరికింది. అచ్చం ఆయన చెయ్యే.”

సర్టిఫికెట్ మీద ఆ రోజు తేదీ వేసి ఉంది. కంటైనర్ నంబరు ఉండాల్సిన గడి ఖాళీ.

“సాయంత్రం ఆరింటికి హార్బర్ గేటు మూస్తారు,” అన్నాడు గణపతిరావు. “ఈలోగా ఏదో ఒక కంటైనర్ ఇలాంటి కాగితంతో ఓడెక్కుతుంది. లోపల పది టన్నుల పేలుడు సరుకు. సముద్రం దాటాక అది ఎవరి పిల్లల మీద పడుతుందో మనకి తెలీదు. హార్బర్‌లో వందల కంటైనర్లున్నాయి, ఏదని ఆపను? నేను గేటు దగ్గర కూర్చుంటాను. నువ్వు కాగితం వెతుకు.”

“ఇది ఎవరు పంపారు?”

“ఆర్డినరీ పోస్టులో వచ్చింది. మన అడ్రస్ తెలిసిన వాళ్ళెవరో. ఇంకో మాట. కాగితంతో పాటు ఆ చెయ్యిని కూడా ఆపు.”

“అరెస్టా సార్?”

“అరెస్టయిన చెయ్యి బెయిల్ మీద వచ్చి మళ్ళీ చెక్కుతుంది. నేను ఆపమన్నాను.” గణపతిరావు సొరుగు తెరిచి చిన్న పిస్తోలు తీసి కాగితం పక్కన పెట్టాడు.

మెట్ల మీద నిలబడి పృథ్వీరాజ్ జేబులోంచి లెన్స్ తీశాడు. అక్షరాలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. మొదటి మాటలో ‘సి’ దగ్గర ఆగాడు. కడుపులో ఒక గీత చివరిదాకా వెళ్ళలేదు. వెంట్రుకవాసి ఖాళీ. తర్వాత ఒక ‘పి’లో అదే ఖాళీ. ఇంకో ‘పి’లో మళ్ళీ అదే.

జగన్నాధం మాస్టారి అలవాటు అది. సాయంత్రం పని ఆపేటప్పుడు ఒక గీత కలపకుండా వదిలేసేవాడు. మర్నాడు పొద్దున్న స్నానం చేసి వచ్చి మొదట ఆ గీతే కలిపేవాడు. ఈ సంగతి ప్రెస్సులో ఎవరికీ తెలీదు. పృథ్వీరాజ్‌కి చెప్పాడు, ఒక ఎండాకాలం, బెంచీ మీద కూర్చుని.

సి, పి, పి. రైల్వే టికెట్ల మీద చీపురుపల్లి స్టేషన్‌కి ఉండే గుర్తు. కింద సర్టిఫికెట్ నంబరు 1545. అంటే మూడూ నలభై ఐదు.

చీపురుపల్లి స్టేషన్, రెండో నంబరు ప్లాట్‌ఫారం, చివరి బెంచీ. మాస్టారు ప్రాణం పోయింది అక్కడే. ఇప్పుడు ఆయన అక్షరాలే అతన్ని అక్కడికి రమ్మంటున్నాయి. పృథ్వీరాజ్‌కి భయం వేసింది. చీఫ్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు.

*

నాలుగేళ్ళ కిందట ఆక్టేవ్ ముఠా రిటైరైన మాస్టారికి గాలం వేసింది. ఆయన నేరుగా విభాగానికి వచ్చి చెప్పేశాడు. ఆయన్నే ఎరగా వేద్దామన్నది పృథ్వీరాజ్ ఆలోచన. ఆ రోజు అతను కళ్ళజోళ్ళు అమ్మేవాడి వేషంలో బెంచీ పక్కనే నిలబడ్డాడు. ముఠా మనిషిలా ఉన్న ఒకడు సూట్‌కేసుతో కదులుతున్న రైలెక్కాడు.

“పది నిమిషాలు మాస్టారూ. నేను వచ్చేదాకా ఇక్కణ్ణుంచి లేవకండి,” అని చెప్పి పృథ్వీరాజ్ రైలెక్కాడు.

సూట్‌కేసు నిండా పాత పేపర్లున్నాయి. అతను తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలైంది. మాస్టారు లేవలేదు. నిటారుగా కూర్చునే ఉన్నాడు, పక్కన సగం తాగిన కొబ్బరిబోండాం, లోపల ఎర్ర స్ట్రా. సంచీ లేదు. విభాగం పేరు బయటికి రాకూడదని పోస్టుమార్టం లేకుండా గుండెపోటు అని రాశారు. అంత్యక్రియలకి వెళ్ళొద్దని ఆర్డరు వచ్చింది. పృథ్వీరాజ్ వెళ్ళలేదు. ఆర్డరు లేకపోయినా వెళ్ళి ఉండేవాడు కాదేమో. అప్పటినుంచి ఏ ఊళ్ళో ఏ బోర్డు చూసినా, అక్షరాల కడుపులో ఆ గీతలు కనిపిస్తూనే ఉన్నాయి.

*

పదకొండున్నరకి అతను పొందూరులో ఉన్నాడు. మాస్టారి పనిముట్లు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియాలంటే ఆ ఇంటికే వెళ్ళాలి. నాలుగేళ్ళుగా తప్పించుకు తిరిగిన ఇల్లు.

గురమ్మకి తొంభై దగ్గర పడుతున్నాయి. అరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. ఆ సన్నటి పళ్ళ మధ్యనుంచి దూది గీతలు గీతలుగా వస్తోంది. ఆ దూది చూస్తుంటే పృథ్వీరాజ్‌కి సర్టిఫికెట్ గుర్తొచ్చింది.

“ఎవులు నాయినా?”

“పెన్షన్ ఆఫీసు నుంచి మామ్మా.”

“పెన్సనోల్లు కుర్సీ అడుగుతారు. నువ్వు కిందన కూసున్నావు. సర్లే, ఏటి కావాల?”

“మీ అబ్బాయి ఉలులు ఎక్కడున్నాయి?”

“ఆ ఉలులా? నా మనవరాలు అట్టుకెళ్ళిపోనాది. నీలవేణి. బొంబాయిల కంప్యూటరుకి అచ్చరాలు గీసీ కంపెనీల పెద్ద ఉద్యోగం సేసీది. రెండేళ్ళ కింద అది ఒగ్గీసి నరసన్నపేట వచ్చీసినాది. ఏదో శుబలేకల ప్రెస్సట. బొంబాయి ఒగ్గీసి శుబలేకలేటే అంటే నవ్వుతాది, సెప్పదు.”

మాస్టారికి కూతురుందని పృథ్వీరాజ్‌కి తెలుసు. ఎప్పుడూ చూడలేదు.

“నా కొడుకు బొటనేలి గోరు సూసినావా ఎప్పుడైనా?” అంది గురమ్మ. “ఉలి పదునుగున్నాదా నేదా అని గోరు మీద గీసి సూసీవోడు. దానికీ అదే బుద్ది. ఎడం సేతి గోరంతా గీతలే. ఆడపిల్లవి, గోరు అలాగేటే అంటే, ఎర్ర రంగు పూసీసి సూపిస్తాది.”

పత్తి పక్కన పెట్టి రాట్నం ముందుకి జరిగింది. వడుకుతూ వడుకుతూ ఆఖరి ఏకు సగంలో ఉండగా ఆపేసి లేచింది.

“కొంచెమే ఉంది కదా మామ్మా, తీర్చెయ్యలేదేం?”

“మొత్తం తీర్సీసి తొంగుంటే పొద్దున్న ఎందుకు లెగాల నాయినా? ఏటో ఒకటి ఉంచుకోవాల. నా కొడుక్కీ అదే నేర్పినాను. ఆ దినం కూడా ఆడు గీత ఉంచీసే ఎళ్ళినాడు.” ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. “మళ్ళీ రానేదు. ముప్పై ఏళ్ళు సాకిరీ సేసినాడు గదా, ఆడి దినాలకి ఆపీసోల్లు ఒక్కలంటే ఒక్కలు రానేదు. ఎందుకంటావు?”

పృథ్వీరాజ్‌కి తల దించుకోవడమొకటే చేతనైంది. గురమ్మ అతని మొహం కాసేపు చూసి, లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడం అతనికి ఆ ఉద్యోగంలో చేసిన అన్ని పనులకన్నా కష్టమైంది.

*

మూడూ ఇరవైకి చీపురుపల్లి స్టేషన్ రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద కళ్ళజోళ్ళు అమ్మేవాడొకడు కనిపించాడు. నెరిసిన మీసం, మెడలో తట్ట, తట్ట అడుగున పిస్తోలు. పృథ్వీరాజ్ నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అదే వేషం వేశాడు.

చివరి బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ముప్ఫై దాటని మనిషి. ముదురు నీలం పొందూరు ఖద్దరు చీర, నల్ల కళ్ళద్దాలు, పెదాలకి రంగు. ప్లాట్‌ఫారం మీద వాళ్ళంతా ఏదో ఒక వంకతో ఇటే చూస్తున్నారు. పది అడుగుల అవతల బంగారు కడియం వేసుకున్న లావుపాటి మనిషొకడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. అతని పక్కన ఇస్త్రీ చొక్కా యువకుడు, చేతిలో డ్రాయింగ్ పేపర్లు పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం. సర్టిఫికెట్ ఆ గొట్టంలోనే ఉంటుంది.

పృథ్వీరాజ్ బెంచీ రెండో చివర కూర్చున్నాడు. కూర్చోవడానికి అతనికి కొంత ధైర్యం కావలసివచ్చింది.

“నౌపడ బండి ఇక్కడ ఆగుతుందా?” అంది ఆవిడ, తల తిప్పకుండా.

అది మాస్టారి ఆపరేషన్‌కి పెట్టుకున్న కోడ్. ఆయనతోనే రద్దయిపోయింది.

“ఆగదమ్మా. ఇచ్ఛాపురం దాకా టికెట్టు తీసుకోవాల,” అని జవాబిచ్చాడు. ఆ మాట అన్నది తనే అయినా వేరెవరి గొంతో వింటున్నట్టు అనిపించింది.

ఆవిడ తట్టలోంచి ఒక కళ్ళజోడు తీసి ఎండకి పట్టి చూసింది. ఎడమ చెయ్యి. అయిదు గోళ్ళకీ ఎర్ర రంగు. నాలుగు గోళ్ళు నున్నగా ఉన్నాయి. బొటనవేలి గోరు మీద రంగు కింద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు.

ఆపమన్న చెయ్యి ఇదే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

“ఒరే కళ్ళజోళ్ళూ!” కడియం మనిషి దగ్గరికి వచ్చాడు. నరసన్నపేటలో శుభలేఖల ప్రెస్సు ఓనరు కొండబాబు. ఆక్టేవ్‌కి ఇక్కడి మనిషి. “దగ్గిర సూపుకేటున్నాయిరా? పొద్దున్న ఈ మేడమ్ సరిగ్గా నా కళ్ళజోడు మీదే కూసున్నాది. రెండు ముక్కలైపోనాది. అప్పట్నుంచీ గుడ్డోడి బతుకైపోనాది.”

“సారీ చెప్పాను కదా కొండబాబు గారూ,” అంది ఆవిడ నవ్వుతూ.

పృథ్వీరాజ్ తట్టలో వెతికి అన్నిటికన్నా మందపాటి అద్దాలున్నది తీసిచ్చాడు. “ఇది పెట్టండి బాబూ. మొదట్ల కొంచెం తూలినట్టుంటాది. పావుగంట తియ్యకండి, కళ్ళు అలవాటు పడాల.”

కొండబాబు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. “నేల పైకొచ్చీసినట్టున్నాదిరా!”

“పావుగంట బాబూ.”

“సర్లే. మేడమ్, ఎండ మండిపోతన్నాది. బండి ఎల్లాక బోండాలట్టుకొస్తాను, కూసోండి.” కాళ్ళతో నేల తడుముకుంటూ ఇస్త్రీ చొక్కా దగ్గరికి వెళ్ళిపోయాడు.

బోండాలన్న మాట పృథ్వీరాజ్ చెవిలో ఉండిపోయింది.

“నా పేరు నీలవేణి,” అంది ఆవిడ నెమ్మదిగా. “ఆ రోజు మా నాన్న ఇక్కణ్ణుంచి నాకు ఫోన్ చేశారు. ‘కళ్ళజోళ్ళ అబ్బాయి పది నిమిషాల్లో వస్తానన్నాడమ్మా, లేవొద్దన్నాడు, వాడు మంచివాడు, భయం లేదు’ అన్నారు. తర్వాత ఎవరో బోండాం ఇచ్చారట, మంచి మనుషులున్న ఊరు అన్నారు. అదే ఆఖరి మాట.”

పృథ్వీరాజ్ కళ్ళు మసకబారాయి. “నలభై నిమిషాలైంది,” అన్నాడు. “నేను వచ్చేసరికి నలభై నిమిషాలైంది.”

“తెలుసు.”

దూరంగా ఇంజిన్ కూత వినిపించింది. మూడూ నలభై మూడు.

“బండి వస్తోంది. ఆ గొట్టం బండెక్కుతుంది,” అంది నీలవేణి. “మీరు ఈ బెంచీ మీంచి లేవకూడదు.”

“ఎందుకు?”

“కారణం బండి వెళ్ళాక చెప్తాను. మా నాన్నకి మీరు కారణం చెప్పారా?”

రైలు వచ్చి ఆగింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, వేరుశనగకాయల కేకలు. ఇస్త్రీ చొక్కా మెట్టెక్కాడు. పృథ్వీరాజ్ ఫోన్ వణికింది. గణపతిరావు మెసేజ్: “చెయ్యి దొరికిందా?” తట్ట కింద వేలు పిస్తోలుకి తగులుతోంది. పది అడుగులు పరిగెత్తితే గొట్టం చేతికొస్తుంది. ఈవిడ రెండేళ్ళుగా ఆక్టేవ్ కూడు తింటోంది. తండ్రిని చంపించిన విభాగం మీద కక్షతో పది టన్నులు దాటించదని నమ్మకమేమిటి? నమ్మకం లేదు. కానీ లేస్తే, ఈవిడ ఒంటరిగా ఈ బెంచీ మీద ఉంటుంది. కొండబాబు బోండాలు తెస్తాడు.

రైలు కదిలింది. ఒక పెట్టె, రెండో పెట్టె. ఇస్త్రీ చొక్కా తలుపులో నిలబడి కొండబాబుకి చెయ్యి ఊపాడు. పృథ్వీరాజ్ రెండు చేతులతో బెంచీ చెక్కని గట్టిగా పట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా కలలో ఇదే బండి వెళ్తోంది, కలలో ప్రతిసారీ అతను లేస్తున్నాడు.

ఆఖరి పెట్టె దాటిపోయింది. అతను కూర్చునే ఉన్నాడు.

నీలవేణి నల్ల కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పడానికి నోరు తెరిచేలోగా కొండబాబు రెండు బోండాలతో వచ్చేశాడు. ఒకదాంట్లో తెల్ల స్ట్రా, ఒకదాంట్లో ఎర్ర స్ట్రా. ఎర్ర స్ట్రాది ఆవిడకి చాపాడు.

“తాగండి మేడమ్. పని అయిపోనాది, సల్లగా తాగండి.”

“ఆ ఎర్ర స్ట్రాది నాకిప్పించండి బాబూ,” అన్నాడు పృథ్వీరాజ్. “దాహంతో సచ్చిపోతన్నాను.”

“ఓరి! ఇది మేడమ్‌దిరా.”

“మేడమ్‌కి వద్దట. పోనీ మీరే తాగీండి.”

“నాకెందుకు?”

“తాగండి బాబూ,” అన్నాడు పృథ్వీరాజ్. ఈసారి గొంతులో యాస లేదు. తట్ట అంచు కింద నుంచి పిస్తోలు మూతి కనిపించింది. “నాలుగేళ్ళ కింద ఒక పెద్దాయనకి ఇచ్చారు కదా, రుచి ఎలా ఉందో చెప్పడానికి ఆయన లేడు. మీరు చెప్పండి.”

కొండబాబు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. బోండాం పారేసి వెనక్కి తిరిగి పరుగు తీశాడు. మందపాటి అద్దాల్లోంచి ప్లాట్‌ఫారం అంచు ఇంకా మూడు అడుగులు ఉన్నట్టు కనిపించి ఉంటుంది. లేదు. ఖాళీ పట్టాల మీద పడ్డ చప్పుడు, వెంటనే “ఓలమ్మో నా కాలూ” అన్న కేక వినిపించాయి. రైల్వే పోలీసులు ఇద్దరు అటు పరిగెత్తారు. పృథ్వీరాజ్ కూర్చున్నచోటు నుంచే గుర్తింపు కార్డు ఎత్తి చూపించాడు. ఒలికిన బోండాం జాగ్రత్త చెయ్యమని కూడా కూర్చునే చెప్పాడు.

“ఇప్పుడు చెప్పండి,” అన్నాడు.

“ఆఖరి అక్షరం,” అంది నీలవేణి. “‘ఎస్’. దాంట్లో చివరి గీత. మీ ఆఫీసరుని లెన్స్ పెట్టి చూడమనండి.”

“గీత కలపలేదా?”

“కలిపాను. ఈ రోజు పొద్దున్నే కలిపాను.” ఆవిడ గోరు మీద రంగు గీకుతూ మాట్లాడింది. “పని ఆపిన ప్రతి సాయంత్రం ఒక గీత ఉంచేస్తాను, మా ఇంటి అలవాటు అని రెండేళ్ళుగా చెప్తున్నాను. మొదట్లో పొద్దున్న కలిపిన గీతని కూడా కొండబాబు లెన్స్‌తో చూసేవాడు. తర్వాత విసుగొచ్చి మానేశాడు. నిన్న సాయంత్రం ప్లేటంతా చూసి సరే అన్నాడు, ఆ ఒక్క గీత తప్ప. పొద్దున్న కళ్ళజోడు లేదు. మామూలు కంటికి అది గీతే.”

“లెన్స్‌లో?”

“మాటలు.”

“ఆ కుర్రాణ్ణి ఇక్కడే పట్టుకుంటే?”

“మీకు కాగితం ఒక్కటే దొరికేది. రాత్రికి ఇంకోటి అచ్చేసేవాళ్ళు. గేటు దగ్గర పట్టుకుంటే కంటైనర్ దొరుకుతుంది.”

“ముందే మాకు చెప్పొచ్చు కదా.”

“ఎవరికి? గుండెపోటు అని రాసినవాళ్ళకా? అందుకే నాన్న చెప్పిన అడ్రస్‌కి నమూనా కాగితం పోస్టు చేశాను, గీతలు చదవడం తెలిసిన మీరొక్కరే వస్తారని.”

పృథ్వీరాజ్ గణపతిరావుకి ఫోన్ చేసి ఎస్ సంగతి చెప్పాడు. తర్వాత ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. రెండు బళ్ళు వచ్చి వెళ్ళాయి. ఎండ పట్టాల అవతలికి జరిగింది. అయిదున్నర అయింది, అయిదూ ముప్పావు అయింది. ఫోన్ మోగలేదు. నీలవేణి బొటనవేలి గోరు మీద రంగు మొత్తం పోయింది.

అయిదూ యాభై ఏడుకి మోగింది. పృథ్వీరాజ్ స్పీకర్ నొక్కాడు.

“వచ్చాడు,” గణపతిరావు గొంతు. వెనక లారీల రొద. “గేటు ఆఫీసరు కాగితం తడిమాడు, తృప్తిపడ్డాడు. స్టాంపు ఎత్తాడు. ఏయ్, ఉండవయ్యా, ఆపు! చెయ్యి తియ్యి!” ఏదో పడిన చప్పుడు. తర్వాత చీఫ్ ఆయాసంతో చదవడం మొదలుపెట్టాడు. “తెలుగులో ఉందయ్యా! ఆవగింజలో వందో వంతు అక్షరాలు. ‘ఇది దొంగ కాగితం, ఇది దొంగ కాగితం, ఇది దొంగ కాగితం’... వరసగా అదే. ఒరే, వాణ్ణి పట్టుకోండి! లారీ తాళాలు లాగండి!”

అరుపులు, పరుగులు. మళ్ళీ చీఫ్ గొంతు వచ్చింది, ఈసారి నెమ్మదిగా.

“గీత చివర ఇంకేదో ఉంది. ‘పది నిమిషాలు అయిపోయాయి నాన్నా. ఇంక లే.’ ఇదేమిటి, కోడా?”

నీలవేణి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నాలుగేళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది. పృథ్వీరాజ్ కూడా ఏడ్చాడు. అతను అది దాచుకోవాలని ప్రయత్నించలేదు. కాసేపటికి ముందు అతను లేచాడు, ఆవిడకి చెయ్యి ఇచ్చాడు. ఆవిడ పట్టుకుని లేచింది. బెంచీ ఖాళీ అయింది.

“హలో? ఉన్నావా?” అన్నాడు గణపతిరావు. “ఆ చెయ్యి సంగతేమైంది? ఆపావా?”

“ఆగింది సార్. ఇప్పుడు నానమ్మ దగ్గరికి పొందూరు వెళ్తోంది. నేను దింపుతున్నాను.”

అవతల గణపతిరావు ఎవరినో లారీ పక్కకి తియ్యమన్నాడు.

“సరే,” అన్నాడు చివరికి. “రాత్రికల్లా రిపోర్టు నా బల్ల మీద ఉండాలి.”

“రెండు రిపోర్టులు సార్. ఒకటి ఈ రోజుది. ఒకటి నాలుగేళ్ళ కిందటిది, గుండెపోటు కొట్టేసి.”

గణపతిరావు దగ్గాడు. “రెండూ రాత్రికే పూర్తి చెయ్యి.”

“పూర్తి చెయ్యను సార్,” అన్నాడు పృథ్వీరాజ్. “ఒక గీత ఉంచుతాను. రేపు పొద్దున్న లేవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.”